వంక పెట్టిన సరుకు

అడిగినవాళ్ళకు

పిల్లల పోషణ పనిలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు ఇందిరాపురంలో మా ఫ్లాటుకు వస్తుంటారు. టీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అందరూ ఒకటే అడుగుతారు: "మేడమ్, ఫీల్డులో అసలు పనిచేసేది ఏది?" ఢిల్లీ చుట్టుపక్కల బస్తీల్లో పిల్లల జబ్బలకు టేపు చుట్టి, తల్లులకు తిండి గురించి చెప్పీ చెప్పీ రిటైరైన మనిషిని కాబట్టి నాకు తెలిసి ఉండాలని వాళ్ళ లెక్క. తెలియదంటాను. వినయం అనుకుని నవ్వుతారు. వినయం మా ఇంటావంటా లేదు. మేం కొట్టువాళ్ళం.

సాలూరులో మా నాన్నది కిరాణా కొట్టు. బడి నుంచి వస్తూనే పలక పక్కన పెట్టి గల్లా పక్కన కూచునేదాన్ని. బేరం నాకు ఉగ్గుపాలతో అబ్బింది. ఇప్పటికీ మా సొసైటీ గేటు ముందు కూరల బండి భయ్యా నన్ను దూరం నుంచి చూడగానే కొత్తిమీర కట్టలు గోనెపట్టా కింద దాచేస్తాడు, ఊరికే ఇమ్మంటానని. ఉద్యోగం కూడా అలాగే చేశాను. తల్లులతో రోజుకో గుడ్డు దగ్గర మొదలుపెట్టి అరగుడ్డు దగ్గర తేల్చుకునేదాన్ని. పై ఆఫీసుతో జీపు దగ్గర మొదలుపెట్టి బస్సు పాసు దగ్గర తేల్చుకునేదాన్ని. రెండు చోట్లా గెలిచాననే అనుకునేదాన్ని.

ప్రమోషన్లు, బదిలీలు, సెమినార్లు రాయను. ఒక్క పిల్లాడి సంగతి రాస్తాను. వాణ్ణి ఆసుపత్రి మంచం మీదికి చేర్చే దగ్గర నా విద్య అంతా తడబడింది. చదివాక మీకేమైనా అర్థమైతే నాకు చెప్పండి. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు.

దండ వేసిన తల్లి

ఘాజియాబాద్‌లో కాలువ గట్టు వెంట ఒక బస్తీ. తూర్పు యూపీ నుంచి, బీహారు నుంచి వచ్చిన కుటుంబాలు. మగవాళ్ళది కట్టడాల పని. ఆడవాళ్ళు కొందరు అపార్టుమెంట్లలో పనికి వెళ్తారు, కొందరు గుమ్మంలో కూచుని అట్టముక్కల మీద బొట్టుబిళ్ళలు అంటిస్తారు.

అక్కడ మా పద్ధతి చెప్పడానికి తేలిక. ఒకే గల్లీ, ఒకే కూలి, ఒకే నీళ్ళు. అయినా ఒక ఇంట్లో పిల్ల ఎండిపోతుంది, పక్కింట్లో పిల్ల బొద్దుగా తిరుగుతుంది. ఆ పక్కింటి తల్లి ఏం చేస్తోందో కనిపెట్టు, దాన్నే మిగతావాళ్ళ చేత చేయించు. బయటి నుంచి వచ్చి పాఠం చెప్పడం కన్నా ఇది మేలని ఇప్పటికీ నమ్ముతాను.

మా ప్రాజెక్టు మేనేజరు అరోరా సాబ్ మంచివాడు. బస్తీకి వస్తే కుర్చీ కోసం చూడడు, చాప మీద కూచుంటాడు. అయితే ఆయనకు పోస్టర్ల పిచ్చి. బాగా పెరిగిన పిల్లను ఎంచి, తల్లికి అందరి ముందూ బంతిపూల దండ వేసి, ఫోటో పెద్దది చేయించి అంగన్‌వాడీ గోడకు తగిలిద్దాం అన్నాడు. వేశాం. చప్పట్లు కొట్టించాం. ఆ తల్లి తలొంచుకుని నిలబడింది. సిగ్గనుకున్నాను. వారం తిరగకుండా పిల్లను చంకనేసుకుని ఊరికి వెళ్ళిపోయింది.

తరువాత ఎంచిన తల్లి, తన కొడుక్కి పుట్టినప్పటి నుంచీ విరేచనాలే అని ఒట్టేసి చెప్పింది. వాడు ఆమె చంకలో బుగ్గలు ఊగేలా మొక్కజొన్న కంకి కొరుకుతున్నాడు. అప్పటి నుంచి మేం వెళ్ళేసరికి బొద్దుగా ఉన్న పిల్లలంతా చిరుగు బట్టల్లో, నుదుట మసితో కనబడేవారు. వాళ్ళ తల్లులవి ఏడుపు మొహాలు. నిజంగా ఎండిపోతున్న పిల్లల తల్లులేమో "ఠీక్ హై దీదీ, అంతా బాగానే ఉంది" అనేవారు. ఇదేం బజారు, తక్కెడ తిరగేసి పట్టుకున్నారు అనుకున్నాను.

దిష్టి సంగతి నాకు తెలియదా? మా ఇంట్లో ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయనిదే ఆదివారం గడిచేది కాదు. కానీ ఆఫీసు బ్యాగు భుజానికి తగిలించుకుంటే ఇంట్లో తెలిసినవి గుర్తుకు రావు. అదెందుకో నాకు అర్థం కాదు. అరోరా సాబ్ "అవేర్‌నెస్ లేదు" అన్నాడు. మనకు అర్థం కానిదానికి మా రంగంలో పెట్టుకున్న పేరు అది. నేనూ తలూపాను. దండలు ఆపేశాం.

మారుమాట లేని తల్లి

దండలు పోయాక సామూహిక వంట మొదలుపెట్టాం. ప్రతి తల్లీ గుప్పెడు ఏదో ఒకటి తేవాలి. పప్పో, పాలకూరో, బెల్లమో, బంగాళాదుంపో. అందరూ కలిసి వండి, ఎవరి పిల్లలకు వాళ్ళు అక్కడే తినిపించాలి. స్థలం ఫూల్‌మతి టీ బంకు ముందు. రేకుల పందిరి, గ్యాసు పొయ్యి, రస్కుల డబ్బా, తోరణాల్లా వేలాడే కారం చిప్స్ పొట్లాలు. ఫూల్‌మతికి భర్త లేడు, పిల్లలు లేరు. గల్లీ అంతా ఆమెను చాచీ అంటుంది. స్థలం ఊరికే ఇవ్వలేదు. వంటయ్యాక తన టీ గిన్నెలు కూడా మా తల్లులే తోమాలంది. రోజు విడిచి రోజు తోముతాం అన్నాను. ఆమె అవుననలేదు, కాదనలేదు, టీ వడబోసుకుంటూ ఉండిపోయింది. రోజూ తోమాం. ఆమె మీద నాకు గౌరవం ఆ రోజే మొదలైంది.

ఆ వంటకు వచ్చే తల్లుల్లో సునైనా ఒకతె. బొట్టుబిళ్ళలు అంటిస్తుంది. భర్త గురుగ్రామ్‌లో తాపీ పని చేస్తూ ఆదివారాలు ఇంటికి వస్తాడు. ఒక్కడే కొడుకు, బేచన్. రెండేళ్ళు నిండబోతున్నాయి. మా టేపులో ఆకుపచ్చ వస్తే బాగున్నట్టు, పసుపు వస్తే కనిపెట్టి ఉండాలి, ఎరుపు వస్తే ప్రమాదం. వాడి జబ్బ పసుపులోంచి ఎరుపు వైపు జారుతోంది.

సునైనాతో నేను నెలల తరబడి బేరమాడాను. కిచిడీలో చెంచాడు నూనె వెయ్యి అంటే ఠీక్ హై. గుడ్డు పెట్టు అంటే ఠీక్ హై. రాత్రి ఇంకోసారి తినిపించు అంటే ఠీక్ హై. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. ధర అడిగి మారుమాట లేకుండా తలూపి వెళ్ళినవాడు మళ్ళీ మన కొట్టు గడప తొక్కడు అని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. అయినా నేను, ఎంత మంచి తల్లి, అన్నీ ఒప్పుకుంటోంది అనుకున్నాను.

వింత ఏమిటంటే, వంట దగ్గర వాడు తల్లి ఒళ్ళో కూచునేవాడు కాదు. ఫూల్‌మతి ఒళ్ళో ఉండేవాడు. సునైనా పక్కవాళ్ళ పిల్లలకు ముద్దలు పెట్టేది, వాడికి పెట్టేది కాదు. అడిగితే చాచీ పెడుతుందిలే అనేది. చాచీ పెట్టేది నిజమే. డబ్బాలో విరగని రస్కు ఏరి, టీలో ముంచి, ఊది మరీ పెట్టేది. వాడు మారాం చేస్తే చిప్స్ పొట్లం ఒకటి తెంపి ఇచ్చేది. పొట్ట నిండా టీ ఉన్నవాడికి కిచిడీ ఎక్కడ పడుతుంది? ఫూల్‌మతి నొచ్చుకోకూడదని గల్లీ మొత్తాన్ని కూచోబెట్టి, పసిపిల్లలకు టీ పట్టకూడదని పాఠం చెప్పాను. "అచ్ఛా" అని శ్రద్ధగా విని, లేచి వెళ్ళి వాడికి టీ పోసింది.

సునైనా నోటి నుంచి వాడి గురించి ఒక మంచిమాట వినలేదు. పనికిమాలినవాడు, కోతి మొహంవాడు. వాడి ఒంటి మీద ఎప్పుడూ ఎవరివో వదులు చొక్కాలు. తల్లికి ఇష్టం లేని బిడ్డ అని తీర్మానించి, ఆ మాటే ఆఫీసులో చెప్పాను.

కొన్నదాన్ని

వానల్లో బేచన్‌కు విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గాక నేను వెళ్తే, వాడి మొహం నిండుగా ఉంది. ఒళ్ళు చేశాడనుకున్నారేమో, గల్లీలో ఆడవాళ్ళు చూసి తలలు తిప్పుకున్నారు. నేను వాడి రెండు పాదాల మీద బొటనవేళ్ళతో నొక్కిపట్టి వదిలాను. గుంటలు అలాగే ఉండిపోయాయి. కొత్తగా చేరినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి: అది ఒళ్ళు కాదు, నీరు. ఆ నీరు దిగితే లోపల ఏమీ ఉండదు. బలం కోసం ఇచ్చే పల్లీల ముద్ద వేలితో నాలుకకు రాస్తే మొహం తిప్పేసుకున్నాడు. పాదాల్లో నీరు ఉండి, ఆకలి చచ్చిపోయిన పిల్లాడికి ఇంటి వైద్యం సరిపోదు. ఆసుపత్రిలో రెండు వారాలు ఉంచాలి, అదీ వెంటనే.

సునైనాకు చెప్పాను. ఠీక్ హై దీదీ అంది.

మర్నాడు పొద్దున్నే ఆటో తెచ్చాను. ఆమె పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూచుంది, ఒక కాలు ఆటోలో, ఒక కాలు నేల మీద. ఆ కాలు కూడా లోపల పెట్టమని నేను బతిమాలుతుండగా ఫూల్‌మతి చేతిలో టీ కెటిలుతో వచ్చి ఆటోకు అడ్డంగా నిలబడింది. ఎవర్నడిగి తీసుకెళ్తున్నారంది. తల్లి ఒప్పుకుందన్నాను. ఏ తల్లి అంది. నాకు ఒళ్ళు మండింది.

"అసలు ఈ పిల్లాడికి నువ్వేమవుతావు చాచీ?"

గల్లీలో బొట్టుబిళ్ళలు అంటించే చేతులు ఆగిపోయాయి. ఫూల్‌మతి కెటిలు నేల మీద పెట్టింది.

"కొన్నదాన్ని," అంది.

వంగి వాణ్ణి తీసుకుంది. సునైనా అడ్డుపడలేదు సరికదా, అందుకోవడానికి వీలుగా రెండు చేతులతో పైకెత్తి ఇచ్చింది. ఆటోవాడు నా మొహం చూసి, తనకేం అర్థమైందో ఏమో, ఇంజను ఆపేశాడు.

"అమ్మేశావా?" అన్నాను సునైనాతో.

"అవును దీదీ. పుట్టిన రోజునే." పాత బీరువా అమ్మిన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

గడువు

ఆఫీసుకు పరిగెత్తాను. అరోరా సాబ్ విని లేచి నిలబడ్డాడు. బిడ్డను అమ్మడం, కొనడం. ఇంకేముంది, పోలీసులకు చెప్పాలి అన్నాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. అలాంటి మాట చెవిన పడ్డాక దాచిపెట్టే హక్కు మా ఉద్యోగంలో ఎవరికీ లేదు, మీకూ ఉండదు. అయితే పోలీసులు వెళ్తే ఇద్దరాడవాళ్ళు స్టేషన్లో ఉంటారు, పిల్లాడు ఎక్కడ ఉంటాడు? వాడి పాదాల్లో నీరు ఎవరు చూస్తారు? చాలాసేపు బేరమాడితే ఒక రోజు దొరికింది. రేపు సాయంత్రానికి వాడు ఆసుపత్రి మంచం మీద ఉండాలి, అసలు సంగతేమిటో తనకు తెలియాలి. లేదంటే ఫోన్ చేస్తానన్నాడు.

ఇంటికొచ్చాను. తలకాయ పనిచేయనప్పుడు చేతులకు పని చెప్పాలి కాబట్టి గోధుమపిండి జల్లించడం మొదలుపెట్టాను. పిండి కిందికి రాలింది. జల్లెడలో పొట్టు మిగిలింది. దాన్ని చెత్తబుట్టలోకి దులపబోతూ ఆగిపోయాను.

మా తమ్ముడి పేరు తవిటయ్య. వాడికి ముందు ఇద్దరు పుట్టి పోయారు. వాడు పుట్టగానే మా నాయనమ్మ చేటలో పడుకోబెట్టి గుమ్మంలో పెట్టింది. ఎదురింటి రావులమ్మత్త వచ్చి తవుడు పోసి కొనుక్కుంది. కొన్నాక, మా ఇంట్లోనే పెంచమని అప్పగించింది. పోగొట్టుకునే ఇంట్లో పుట్టినవాడు కాదని పైవాణ్ణి నమ్మించడానికన్నమాట. వాడికి కొత్త బట్టలు కుట్టించేవారు కాదు, ఊళ్ళోవాళ్ళ పాత చొక్కాలు అడిగి తొడిగేవారు. ఎవరైనా ముద్దుచేయబోతే నాయనమ్మ చీదరించుకునేది: "ఈ గుంటడు మావోడు కాదమ్మా, తవుడికొచ్చిన సరుకు." చిన్నప్పుడు నేను అది నిజమని నమ్మి చాలా సంతోషించాను.

ఆ కథ పుట్టినప్పటి నుంచి నా ఇంట్లో ఉంది. బేచన్ అంటే అమ్మినవాడని అర్థం చెప్పడానికి నా హిందీ చాలు. రెంటినీ కలపడానికి మాత్రం జల్లెడ కావలసి వచ్చింది.

తమ్ముడికి ఫోన్ చేశాను. కొట్లో ఉన్నాడు.

"నిన్ను కొన్నాక నీమీద పెత్తనమంతా ఎవరిదిరా?"

"రావులమ్మత్తదే. జొరమొచ్చినా ఆవిడ్నడక్కుండా మందెయ్యలేదంట. పెళ్ళికి మల్లీ కొనుక్కున్నారు కదేటి. ఎందుకే ఇప్పుడు?"

అరోరా సాబ్‌కు వివరించాను. ఆయన ఢిల్లీలో పుట్టి పెరిగిన మనిషి. ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాడు. తరువాత, ఇంతకీ ఇది నిజం అమ్మకమా, ఉత్తుత్తి అమ్మకమా అనడిగాడు. రెండూ అన్నాను. రెండూ ఎలా అవుతుంది మేడమ్ అన్నాడు. నాకు తెలియలేదు. ఇప్పుడు అడిగినా తెలియదు. పోలీసుల మాట వదిలేశాడు గానీ, ఆసుపత్రి గడువు మాత్రం అదేనన్నాడు. పాదాల్లో నీటికి ఆచారాలు తెలియవు కదా.

ఇద్దరు కొట్టువాళ్ళు

మర్నాడు బంకు ముందు బల్ల మీద కూచున్నాను, సరుకు కొనడానికి వచ్చినవాళ్ళు కూచునే వైపు. ఫూల్‌మతి గ్లాసులు కడుగుతోంది. పిల్లాడు వెనక మంచం మీద పడుకుని ఉన్నాడు.

మా వైపు తవుడు పోసి కొంటారని చెప్పాను. ఆమె తలెత్తలేదు.

"ఇక్కడా అదే," అంది. "గుప్పెడు చోకర్. వాడింకా పాలు కూడా తాగలేదు అప్పటికి."

ఇన్నాళ్ళూ తప్పు గుమ్మం ముందు నిలబడి బేరమాడాను, యజమానివి నువ్వే, నీతోనే మాట్లాడతాను అన్నాను. పాదాల గుంటలు చూపించాను. నాకు అమ్మెయ్యి, నేను తీసుకెళ్తానన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా మొహంలో మా నాన్న మొహం వచ్చి కూచుంది, నాకు తెలుస్తూనే ఉంది. ఫూల్‌మతి మొదటిసారి నవ్వింది.

"కొంటావు, ఇందిరాపురం పోతావు. అక్కడ లిఫ్టు ఉంది దీదీ. మృత్యువు కాళ్ళు నొప్పెట్టకుండా ఎక్కి వస్తుంది. ఈ గల్లీ బురదలో అయితే కాస్త వెతుక్కోవాలి."

తరువాత అసలు సంగతి చెప్పింది. ఆసుపత్రిలో పక్కన తల్లినే ఉండమంటారు. సూదికోసారి, పాలకోసారి "బేచన్ కీ మా" అని వార్డంతా వినబడేలా పిలుస్తారు. సునైనా పలకాలి, అందరి ముందూ తన చేత్తో తాగించాలి. కట్టిన ముడి విప్పినట్టే.

"ఇద్దర్ని పోగొట్టుకుంది. ఆ ఇద్దరికీ తన చేత్తోనే తినిపించింది. వీడికి పెట్టమంటే దాని చెయ్యి లేస్తుందా?"

నేను గల్లీలో ఇన్నాళ్ళూ చెప్పిన పాఠం ఒక్క ముక్కలో ఇది: తల్లి తన చేత్తో తినిపించాలి. తలొంచుకుని టీ తాగాను. తీపి ఎక్కువైంది.

"అయితే నువ్వే పద," అన్నాను.

"మరి బంకు?"

నా ప్రాణం లేచివచ్చింది. వంక పెట్టిందంటే కొనే మనసుందన్నమాట. అక్కడ నుంచి అసలైన బేరం మొదలైంది. బంకు ఒక్క పూట కూడా మూయకూడదు, పొద్దున్నే పనికెళ్ళే మేస్త్రీలు ఇంకో బంకు మరిగితే తిరిగి రారు. సునైనా కూచోవాలి, గల్లీవాళ్ళు వంతులేసుకోవాలి. నేనూ ఒక వంతు కూచోవాలి, పాఠాలు చెప్పకుండా. అన్నీ ఒప్పుకుని నా షరతు ఒక్కటే పెట్టాను: అక్కడున్నన్నాళ్ళూ సిస్టర్ ఇచ్చిందే తప్ప ఆమె చేత్తో ఇంకేమీ పెట్టకూడదు.

"చాయ్ కూడా?"

"చాయ్ కూడా."

ఆమె రస్కుల డబ్బా వైపు చూసింది. "నా దగ్గరున్నవాటిలో మంచివే పెట్టాను దీదీ."



తండ్రికి కబురుపెడితే పని వదిలి వచ్చాడు. ఆసుపత్రిలో కాగితాల మీద సంతకం అతనే చేశాడు. పక్కన ఉండే ఈవిడెవరని సిస్టర్ అడిగితే, నాన్నమ్మ లాంటిదన్నాడు. తల్లి ఎందుకు రాలేదని ఆమె నన్ను నిలదీసింది. బంకు చూసుకుంటోందని ఉన్నమాటే చెప్పాను. బిడ్డ ఈ స్థితిలో ఉంటే టీ అమ్ముకుంటోందా అని ఆమె కోప్పడింది. ఆ కోపం నాది కూడా కాబట్టి పడ్డాను. పొద్దు గుంకేలోపు మంచం దొరికింది. అరోరా సాబ్‌కు ఫోన్ చేసి చెబితే "ఠీక్ హై" అన్నాడు. ఆ మాటంటే నాకు అప్పటికే భయం పట్టుకుంది. ఇంకోసారి అడిగి, నిజంగానే ఠీక్ అని రూఢి చేసుకుని పెట్టేశాను.

గల్లీ నడిపిన బంకు

బంకు ఒక్క పూట మూతపడలేదు. తెల్లవారకముందే సునైనా వచ్చేది. ఒకరు పాలు తెచ్చేవారు, ఒకరు గ్లాసులు కడిగేవారు, ఇంకొకరు ఫూల్‌మతికి అన్నం మూట పంపేవారు. మేం మీటింగులు పెట్టి, చాపలు పరిచి చేయించలేనిది ఒక టీ బంకు చేయించింది. నా వంతు వచ్చినప్పుడు నేను కాచిన టీ తాగిన మేస్త్రీ ఒకతను గ్లాసు కింద పెట్టి, చాచీ ఎప్పుడొస్తుందని మర్యాదగా అడిగాడు.

కొట్టుబుద్ధి ఊరుకోదు కదా. చిప్స్ పొట్లాల స్థానంలో వేయించిన శనగల సీసా ముందుకు జరిపాను. పిల్లలు దాన్ని చూడను కూడా చూడలేదు. సాయంత్రం మందు తాగే మగవాళ్ళు వచ్చి ఖాళీ చేశారు. నేను చేసిన ప్రయోగాల్లో అంత వేగంగా అమ్ముడైంది ఇంకోటి లేదు. పొట్లాలు తీసేద్దామని సునైనాతో అంటే, చాచీ బంకు, నాది కాదంది.

అన్నాళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆసుపత్రికి వెళ్ళలేదు. అంతా తెలిసీ, ఒకరోజు నాకు కోపం ఆగలేదు.

"చూడాలని లేదా నీకు?"

ఆమె అట్టముక్క మీద బొట్టుబిళ్ళ ఒకటి నొక్కింది. చూపు రోడ్డు మీద ఉంది.

"ఎవర్ని దీదీ?"

నేను సాయంత్రాలు ఆసుపత్రి నుంచి వచ్చి బల్ల మీద కూచునేదాన్ని. ఆమె ఏమీ అడిగేది కాదు. టీ మరిగించేది, వడబోసేది కాదు. నేను ఎవరికో చెబుతున్నట్టు, నీరు దిగిందట, బరువు తగ్గితే భయపడక్కర్లేదట, ఇవాళ పాలన్నీ తాగాడట అని చెప్పేదాకా గిన్నె మరుగుతూనే ఉండేది. చెప్పడం అయ్యాక వడబోసి గ్లాసు నా ముందుకు తోసేది. ఆ టీ ఎప్పుడూ మాడు వాసన వేసేది.

వంక

రెండు వారాలు దాటాక ఒక మధ్యాహ్నం ఆటో వచ్చి ఆగింది. ఫూల్‌మతి దిగింది, చంకలో బేచన్. మొహంలో వాపు లేదు. బుగ్గల్లో చిన్న నునుపు. చేతిలో ఆసుపత్రి చెంచా ఒకటి ఉంది, ఎలా తెచ్చుకున్నాడో అడగలేదు. దాన్ని ఆటో కడ్డీకేసి కొడుతున్నాడు. నా నాలుక చివరికి "ఎంత బాగున్నాడో" అన్న మాట వచ్చేసింది.

సునైనా బంకులోంచి చూసింది.

"ఏం మారలేదు. అదే కోతి మొహం," అని పక్కకు తిరిగి థూ అంది. కెటిల్లోంచి పోస్తున్న టీ గ్లాసు బయట పడుతోంది.

మా నాన్న చింతపండు సరుకు కొనడానికి సంతకు వెళ్ళేటప్పుడు నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. నచ్చిన బుట్ట ముందు నిలబడి పిక్క ఉందనేవాడు, తడి ఉందనేవాడు, ఎవడు కొంటాడనేవాడు. నచ్చని బుట్టను పల్లెత్తు మాట అనేవాడు కాదు. కావలసిన సరుకుకే వంక పెట్టాలమ్మా, కళ్ళల్లో ఆశ కనబడితే అవతలివాడు ధర పెంచేస్తాడు అనేవాడు. జీవితమంతా కొత్తిమీర దగ్గర నేను చేసింది అదే. ఈ గల్లీలో దండల దగ్గరి నుంచి ఈ కోతి మొహం దాకా తల్లులు చేస్తున్నదీ అదే. వాళ్ళకు అవతల నిలబడి ఉన్నవాడెవడో నాకు కనబడలేదు, అంతే తేడా. సునైనా ఆ అవతలివాడి దగ్గర రెండుసార్లు ఓడిపోయింది.

నోరు మూసుకున్నాను. తరువాత తెరిచాను.

"దీనికోసమా నేను ఇన్నాళ్ళు టీ కాచింది?" అన్నాను.

ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. ఒకామె వాడి కాళ్ళు వంకరంది, ఒకామె రంగు తగ్గాడంది, ఇంకొకామె ఆసుపత్రివాళ్ళు పిల్లాణ్ణి మార్చేశారేమో, ముందున్నదే నయమంది. పోటీపడి వంకలు పెట్టారు. ఆ గోలలో నేను వాడి జబ్బకు టేపు చుట్టాను. పసుపు దాటి ఆకుపచ్చ అంచు తాకింది. ఏమీ అనకుండా చుట్టేసి బ్యాగులో వేసుకున్నాను.

చివరికి తేలింది

రిపోర్టులో ఏం రాయమంటారని అరోరా సాబ్ అడిగాడు. తెలియదన్నాను. కౌన్సెలింగ్ వల్ల తల్లిలో అవగాహన పెరిగిందని రాసుకున్నాడు. ఆసుపత్రి పాల వల్ల నిలబడ్డాడా, టీ ఆగిపోవడం వల్లా, గల్లీ బంకు నడపడం వల్లా, గుప్పెడు చోకర్ వల్లా? పాలు లేకపోతే దక్కేవాడు కాదు, అది ఖాయం. మిగతావి లేకపోతే పాల దాకా చేరేవాడు కాదు, అదీ ఖాయమే అనిపిస్తుంది. ఇంతకు మించి తెగలేదు. కొత్తవాళ్ళకు చెప్పగలిగింది కొంచెమే. వంకలు పెట్టే తల్లికి భయపడకండి, ఠీక్ హై అనే తల్లికి భయపడండి. పిల్లాడు ఎవరి చేతి కింద ఉన్నాడో ముందు కనుక్కోండి. ఆ మనిషి ఇల్లు వదిలితే ఏం మూతపడుతుందో అడగండి.

మొన్నామధ్య ఆ వైపు వెళ్ళాను. బంకు ముందు బల్ల మీద బడి చొక్కాతో ఒక కుర్రాడు కూచుని ఉన్నాడు. ఒక చేతిలో ఉడికిన గుడ్డు, ఇంకో చేతిలో చిప్స్ పొట్లం. దీన్ని నా గెలుపులో రాసుకోవాలో ఓటమిలో రాసుకోవాలో తేల్చుకోలేకపోయాను. మా వైపు పెళ్ళికి ముందు తిరిగి కొనుక్కుంటారు, మీరెప్పుడు ఇచ్చేస్తారు చాచీ అని అడిగాను.

ఫూల్‌మతి టీ వడబోస్తూ, గల్లీ అంతా వినబడేలా చెప్పింది.

"ఎవడు కొంటాడు దీదీ దీన్ని? పాడు సరుకు. నా దగ్గరే పడి ఉంది."

ఎదురు గుమ్మంలో సునైనా అట్టముక్క మీంచి తలెత్తలేదు. "మాకొద్దు," అంది.

కుర్రాడు గుడ్డు మొత్తం నోట్లో కుక్కుకుని నా వైపు చూసి నవ్వాడు. నేను కాసేపు వాణ్ణి ఎగాదిగా చూశాను.

"చెవులు మరీ పెద్దవి," అన్నాను.